గేరు మీది చెయ్యి

"ఆటోమేటిక్ కారే కొందాం," అంది నా భార్య గలాతియా, షోరూంలో అందరి ముందూ.

నాకు ఒళ్లు మండింది. "అది ముసలాళ్ల బండి! మన థెస్సలొనీకీ ఊళ్లో ఎత్తు రోడ్ల మీద క్లచ్‌తో బండి ఆపగలిగినవాడే మగాడు!"

అసలు ఈ ఆటోమేటిక్ మాట ఆమెది కాదు. రోజూ ఆమెను ఆఫీసు దగ్గర దింపే పక్కింటి లెఫ్తెరిస్‌ది. వాడిది గేర్లు మార్చే పనిలేని బండి.

"వాడి పక్కన కూర్చుని బాగానే నేర్చుకున్నావే!"

"పక్కన కూర్చునేది వాళ్లావిడ. నేను వెనక సీట్లో."

"మరి ఏం చూసి మోజుపడ్డావు?"

గలాతియా గొంతు తగ్గించింది.

"దారి పొడుగునా ఆవిడ చెయ్యి పట్టుకునే ఉంటాడు. వెనకాల కూర్చుని నేను కుళ్లి చస్తున్నాను. నీ చెయ్యి పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ గేరు రాడ్డునే కదా పట్టుకుంది!"