తన్మయి గుర్తుల పత్రం

ఆదోని వైపు పిల్లలందరికీ మూడో ఏట గుర్తుల పత్రం రావడం మామూలైపోయిన రోజులవి. బిడ్డ ఒంట్లో ఏ జన్యువు మేలుకుని ఉందో, ఏది నిద్రపోయిందో, దాన్ని ఎవరి కాలపు కష్టం నిద్రపుచ్చిందో అందులో ఉంటుంది.

శివలీల కూతురు తన్మయికి మాటలు రాలేదు. పిలిచినా తిరిగి చూడదు. "కడుపుతో ఉన్నప్పుడు ఏం తింటివో, ఏం చేస్తివో" అని అత్త ఈరమ్మ రెండేళ్లుగా కోడల్నే అంటోంది. నిజమేనేమోనని శివలీల కూడా లోలోపల కుమిలిపోయేది.

అంగన్‌వాడీ టీచర్ వచ్చి పత్రం చదివింది. "ఇది నీ వైపుది కాదమ్మా. పాప తండ్రి వాళ్లమ్మ కడుపులో ఉన్నప్పుడు ఆమెకు పురుగుమందు బాగా తగిలింది. ఈ జన్యువు నిద్రపోయింది అప్పుడే."

ఈరమ్మ ముఖం పాలిపోయింది. "ఆరో నెలలో పత్తి చేనికి మందు కొడితి. కూలికి పోకుంటే గడిచేది కాదు" అని గొణిగింది. ఆ పూట ఏమీ తినలేదు.

అనడానికి శివలీల దగ్గర రెండేళ్ల మాటలున్నాయి. అయినా జొన్నరొట్టె, పప్పు తెచ్చి అత్త ముందు పెట్టింది.

"నీకేం తెలుసత్తా ఆ పొద్దు? తిను. నిద్రపోయినదాన్ని లేపాలంటే రోజూ బిడ్డను ఒళ్లో పెట్టుకుని మాట్లాడాలంట. నాకు పనుంది, నువ్వే చేయాల."

ఈరమ్మ పాపను ఒళ్లోకి తీసుకుంది. ఏం చెప్పాలో తోచక ఆ పత్తి చేను గురించే మొదలుపెట్టింది. రోజూ అదే చెప్పేది. అలా చెప్పడం మొదలైన మూడో నెలలో ఒకనాడు మధ్యలో ఆగింది. తన్మయి తలెత్తి, తర్వాతేమైందన్నట్టు ఆమె నోటివైపు చూసింది.

"శివలీలా, బిరీన రా! బిడ్డ నన్ను చూస్తాంది!"