బెదురు తీరిన పిల్లి

“ఇంక నావల్ల కాదు రేవిన్. రేపు పొద్దున ఇంకొన్ని పిల్లులొస్తున్నాయి. ఎక్కడ పెట్టను వాటిని, నా నెత్తిమీదా?”

గ్లెనిస్ నెత్తురోడుతున్న మణికట్టును కుళాయి కింద పెట్టింది. ఆ పిల్లుల శరణాలయానికి పెద్ద ఆమే. ఆమె చెయ్యి గీరేసిన బూడిదరంగు పిల్లి, చివరి గూట్లో గోడకు అంటుకుపోయి ఇంకా బుసకొడుతూనే ఉంది.

“అది పొగరు కాదు గ్లెనిస్, భయం. వీధుల్లో ఏం చూసిందో ఏమో.”

“నాకు తెలీదా? భయపడే పిల్లిని ఇంట్లో ఎవరు పెట్టుకుంటారు? అంత ముద్దొస్తుంటే నువ్వే తీసుకుపో.”

“మా ఇంటి ఓనరు సంగతి నీకు తెలుసుగా. గాజు తొట్టెలో చేపనే ఉంచనివ్వలేదు.”

గ్లెనిస్ నవ్వింది కానీ మెత్తబడలేదు. “మధ్యాహ్నం దీన్ని చూడటానికి ఒకాయన వస్తున్నాడు. తీసుకున్నాడా, బతికిపోతుంది. లేదంటే సాయంత్రం డాక్టరమ్మ సూది పట్టుకొస్తుంది. ఆయన వస్తే నువ్వే చూపించు. నేను పిల్లికూనల పనిలో ఉంటాను.”

రేవిన్ జీతం లేకుండా ఇక్కడ గూళ్ళు కడుగుతుంది, గిన్నెలు నింపుతుంది. పని అయిపోయాక ఆ చివరి గూటికి వీపు ఆనించి కూర్చుని స్వెటరు అల్లుకుంటుంది. దానివైపు తిరిగితే బుస. తిరగకపోతే నిశ్శబ్దం. వాళ్ళిద్దరి స్నేహం అంతవరకే వచ్చింది.

వచ్చే మనిషి ముందు అది బుసకొడితే అంతే సంగతులు.

ఆమె మందుల అలమర తెరిచింది. కారెక్కించేటప్పుడు పిల్లులు బెదరకుండా ఇచ్చే గుళిక ఒకటి తీసి, విప్పి, ఆ పొడి సార్డీన్ చేప ముక్కల్లో కలిపింది. డాక్టరు చెప్పకుండా ఆ అలమర ముట్టుకోకూడదు. అయినా గిన్నె లోపలికి తోసింది. ఆకలి మీద ఉన్న పిల్లి ఆమె వెళ్ళేదాకా ఆగి, గిన్నె నాకేసింది.

మధ్యాహ్నానికి వాన జోరందుకుంది. ఎలిస్టర్ అనే ఆ రైతు గుమ్మం దగ్గరే రబ్బరు బూట్లు విప్పి, వేలి దగ్గర చిరిగిన ఉన్ని మేజోళ్ళతో లోపలికొచ్చాడు. ఒంటి మీద పాల వాసన. ఇంట్లో తోడు లేని మనిషి కాబోలనుకుంది రేవిన్. ఆమెకు ధైర్యం వచ్చింది.

గూడు తెరిచి పిల్లిని ఎత్తుకుంది. మొదటిసారి. అది బట్ట మూటలా ఆమె ఒళ్ళో వాలిపోయింది.

“ఇదేనా అమ్మా?” అన్నాడు ఎలిస్టర్ వంగి చూస్తూ.

“ఇదేనండీ. చూడండి ఎంత సాధువో.”

“అపరిచితులు చెయ్యి వేస్తే?”

“వెయ్యండి, మీరే చూడండి.”

ఆయన మోటు వేళ్ళతో దాని మెడ నిమిరాడు. పిల్లి కళ్ళు మూసుకుంది.

“ఓర్నీ! గోళ్ళు చూపించదా?”

“దానికి గోళ్ళున్నాయన్న సంగతే దానికి తెలీదు. చంటిపిల్లలు తోక లాగినా ఊరుకుంటుంది.”

“బయట పడుకుంటుందా మరి, ఈ చలిలో?”

“అయ్యో, బయట పడుకోదండీ. పొయ్యి పక్కన వెచ్చగా చోటిస్తే చాలు. రాత్రికి మీ ఒళ్ళోకే వస్తుంది.”

ఎలిస్టర్ నెమ్మదిగా తలూపాడు. “చాలా మంచి పిల్లి తల్లీ,” అని దాని తల ఇంకోసారి నిమిరి, గ్లెనిస్‌ను వెతుక్కుంటూ వెళ్ళాడు.

రేవిన్ పిల్లి చెవిలో గుసగుసలాడింది. “విన్నావా? మంచి పిల్లివట.” తను అల్లిన స్వెటరును పిల్లుల్ని తీసుకెళ్ళే పెట్టెలో పరిచి, పిల్లిని అందులో పడుకోబెట్టి ఎదురుచూసింది.

బయట ఎలిస్టర్ ట్రక్కు బయలుదేరిన చప్పుడైంది. కిటికీలోంచి చూస్తే అది గేటు దాటుతోంది. దాని వెనకే డాక్టరమ్మ కారు లోపలికొచ్చింది.

గ్లెనిస్ తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

“ఆయన వెళ్ళిపోయాడేంటి? రేపు వస్తానన్నాడా?” అంది రేవిన్.

“రాడు. అవతలి గదిలోని నల్లపిల్లిని తీసుకెళ్ళాడు.”

“నల్లదాన్నా! అది కరుస్తుంది కదా?”

“కరిచింది. ఆయన బొటనవేలు చీరేసింది కూడా. దానికింకా గడువుంది, వేరే చోటు చూద్దామనుకున్నా. అదే కావాలని పట్టుబట్టాడు.”

“ఇది ఆయన చేతి కింద కళ్ళు మూసుకుంది గ్లెనిస్! కావాలంటే ముట్టుకుని చూడు!”

గ్లెనిస్ పెట్టెలోకి వంగింది. వేలితో పిల్లి కనురెప్ప ఎత్తి చూసింది.

“ఏం పెట్టావు దీనికి?”

రేవిన్ పెట్టెలోని స్వెటరు అంచు సర్దింది. “కొంచెం... బెదురు తగ్గాలని. రాత్రికి దిగిపోతుంది.”

డాక్టరమ్మ సంచీ బల్లమీద పెట్టి, చొక్కా చేతులు పైకి మడుచుకుంటోంది.

“దూడల కొట్టంలో ఎలుకలు దాణా బస్తాలన్నీ కొరికేస్తున్నాయట,” అంది గ్లెనిస్, పెట్టె తలుపు మెల్లగా మూస్తూ. “మనిషి చెయ్యి సోకనివ్వని పిల్లి కావాలని ఆయన ఫోన్ చేస్తే, దీన్ని మించింది లేదని నేనే రమ్మన్నాను.”