అయిదో అర్థం

అనంతరామయ్య గారింటి ముందు టెలిగ్రాం బంట్రోతు సైకిలు దిగీ దిగకముందే పక్కింటి సుబ్బమ్మ ఏడుపు అందుకుంది. పందొమ్మిది వందల యాభై తొమ్మిదిలో, నందిగామలో, టెలిగ్రాం అంటే చావు కబురే.

అనంతరామయ్య భార్య ప్రసూనాంబ మాత్రం చేతులు కొంగుకు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది.

“ఏమని ఇచ్చాడు?” అంది.

అనంతరామయ్య కళ్లజోడు సవరించుకున్నాడు. హైస్కూల్లో ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. ఇప్పటికీ పొద్దునా సాయంత్రం వసారాలో ప్రైవేట్లు చెబుతాడు. ఆయన పాఠం చెబుతుంటే వీధి చివరిదాకా వినిపిస్తుంది.

టెలిగ్రాం జగ్గయ్యపేట నుంచి వచ్చింది. ఇచ్చినవాడు అల్లుడు వరప్రసాదరావు.

“లెట్ అజ్ మేకప్. ప్రసాద్.”

అంతే ఉంది.

గదిలోంచి కూతురు వసుమతి దూసుకొచ్చింది. ఆమె అలిగి పుట్టింటికి వచ్చి ఇరవై రోజులైంది. ఆవేళ ఇద్దరూ టూరింగ్ టాకీసుకు బయలుదేరుతుంటే మొగుడు, “మొహానికి కాస్త పౌడరు రాసుకోకూడదూ?” అన్నాడు. మాటా మాటా పెరిగింది. సినిమాకని పిలిచిన రిక్షాను బస్టాండుకు తిప్పించి, వసుమతి నందిగామ బస్సెక్కేసింది.

“చూశారా నాన్నగారూ! ఇంకా మేకప్పే! నోటితో అన్నది చాలక టెలిగ్రాం ఇచ్చి మరీ రంగు పూసుకోమంటున్నారు!”

“ఆగమ్మా. ఇది ఆ మేకప్ కాకపోవచ్చు,” అన్నాడు అనంతరామయ్య.

బారెడు పొడుగున్న ఇంగ్లీషు మాటలకు ఆయన జంకడు. చిన్న మాటకు వెనక తోక తగిలిస్తేనే చిరాకు. మేక్ అంటే చేయడం. అప్ అంటే పైకి. రెండూ కలిస్తే ఏమవుతుందో ఆ దొరలకే తెలియాలి. అలమారలోంచి లావుపాటి నిఘంటువు దించి పేజీలు తిప్పాడు.

“ఒకటి. మూట కట్టు.”

“అంటే, నా సామాను మూట కట్టి పంపించేస్తారా?”

“రెండు. లేనిది కల్పించు.”

“నేను కల్పించానా? పౌడరు మాట ఆయన అనలేదూ?”

“మూడు. ముఖానికి రంగు...”

“నేను చెప్పలా!”

“నాలుగు. ఖాళీని భర్తీ చేయు.”

వసుమతి మొహం పాలిపోయింది.

“నా చోట్లోకి... ఇంకొకత్తినా?”

ఆమె గోడకు జారగిలబడి వెక్కడం మొదలుపెట్టింది. చావు కబురు కాదని తెలిసి అప్పుడే ఊరుకున్న సుబ్బమ్మ, గోడ అవతల మళ్లీ అందుకుంది.

అనంతరామయ్య నిఘంటువు మీద గుద్దాడు. “నా పిల్లను కాదని ఇంకో పెళ్లా! వాడే దిగి రావాలి. నేనైతే వాడికి కార్డు ముక్క కూడా రాయను!”

ఇరవై రోజులుగా ఆయన అంటున్న మాటే అది.

“కాస్త ఉండండి,” అంది ప్రసూనాంబ. “అదే చింతపండుతో చారూ పెడతాం, చెంబూ తోముతాం. మాటకు మాత్రం నాలుగుతోనే సరా? ఆ పేజీ తిప్పి చూడండి.”

“ఇది ఇంగ్లీషే! నీ వంట కాదు.”

“అయినా తిప్పండి.”

విసుక్కుంటూ తిప్పాడు. అయిదోది అక్కడుంది. ఒకసారి లోపల చదువుకుని, గొంతు సవరించుకుని పైకి చదివాడు.

“పోట్లాట మాని రాజీపడు.”

వసుమతి వెక్కడం ఆపింది. “రాజీకి రమ్మన్నారా? ఎవర్ని?”

“లెట్ అజ్ అన్నాడుగా. అజ్ అంటే మనం.”

“ఆయన కూడానా?”

“మనం అంటే ఇద్దరూనమ్మా.”

వసుమతి కళ్లు తుడుచుకుంది. అరగంటలో పెట్టె సర్దుకుంది. బయలుదేరే ముందు అద్దం దగ్గరకు వెళ్లి, ఎవరూ చూడటం లేదనుకుని కాస్త పౌడరు రాసుకుంది. మధ్యాహ్నం జగ్గయ్యపేట బస్సు ఆమెను ఎక్కించుకుని పోయింది.

ఆ తర్వాతి ఆదివారం మొగుడూ పెళ్లాలిద్దరూ కలిసి వచ్చారు. వరప్రసాదరావు రావడంతోనే మామగారి కాళ్లకు దండం పెట్టాడు.

“అంతా మీ చలవ మామయ్యగారూ. మీరు ఆ కార్డు రాయకపోతే నాకేం తోచేది కాదండి.”

“కార్డా? నేనెప్పుడు రాశాను?”

అల్లుడు జేబులోంచి పోస్టు కార్డు తీసి ఇచ్చాడు. నందిగామ ముద్ర. అంతా ఇంగ్లీషు. అమ్మాయి కోపం ఎప్పుడో పోయిందని, తనంతట తాను రావడానికి మొహం చెల్లక కూర్చుందని, ‘లెట్ అజ్ మేకప్’ అని టెలిగ్రాం ఇస్తే చాలని, అదైనా ఆలస్యం చేయవద్దని అందులో ఉంది. కింద సంతకం లేదు.

“బింకం కొద్దీ సంతకం పెట్టలేదనుకున్నా,” అన్నాడు వరప్రసాదరావు. “ఇంత చక్కని ఇంగ్లీషు మీకు గాక ఇంకెవరికి వస్తుందండి?”

అనంతరామయ్య చెయ్యి అలవాటు కొద్దీ ఎర్ర పెన్సిలు కోసం వెతికింది. కార్డును పైనుంచి కిందికి, కింది నుంచి పైకి చదివాడు. కామాలు చూశాడు. ఫుల్‌స్టాపులు చూశాడు. పెన్సిలు పెట్టడానికి ఎక్కడా చోటు దొరకలేదు.

“రాసింది నేను కాదు. కానీ రాసినవాడు నా శిష్యుడే, సందేహం లేదు,” అన్నాడు గర్వంగా. “నా సర్వీసులో ఎవడికీ ఎనభై దాటించలేదు. వీడికి మాత్రం తొంభై వేస్తా.”

వంటింట్లోంచి ప్రసూనాంబ గొంతు వినిపించింది: “వై నాట్ హండ్రెడ్, సర్?”