నడుమ కాల్షియం

“అంటే, రోజంతా ల్యాబ్‌ల కొవ్వుతోనే పనా?” అడిగాడు చంద్రమౌళి.

“కొవ్వుతోనే. మన ఒంట్ల ప్రతి కణానికీ కొవ్వుతోటి సన్నటి పొర ఉంటది. దాని మీద ప్లస్సులు, మైనస్సులు ఏం చేస్తయో చూస్త,” అంది స్నేహలత.

సుబేదారిలోని ఆ చిన్న ఇంట్లో సోఫా చివర అతను బిగుసుకుని కూర్చున్నాడు. ఎనుమాములలో మిర్చి అడ్తి వ్యాపారం. గొంతెత్తితే మార్కెట్ యార్డంతా వినపడుతుందట. ఇక్కడ మాత్రం మెల్లగా, ఆచితూచి మాట్లాడుతున్నాడు. ఆమెను మేడం అనాలో, పేరు పెట్టి పిలవాలో తేలక రెండూ మానేశాడు. అతని వయసు కాస్త ఎక్కువేనని ముందే చెప్పారు. అది కనపడొద్దని తొందరలో వేసుకున్న జుట్టు రంగు చెవికి కూడా అంటుకుంది. స్నేహలత నవ్వు ఆపుకుంది.

తండ్రి లేని ఇల్లు. అడగాల్సినవన్నీ తనే అడగాలి. ఇంతకుముందు వచ్చిన ఇద్దరినీ తనే వద్దని పంపించేసింది. ఒకాయన ఆమె పీహెచ్‌డీ సంగతి విని “ఇంకా చదువేంది?” అన్నాడు. రెండో ఆయన ఫోన్‌లోంచి తలే ఎత్తలేదు. ఇదీ తప్పిపోతే ఈ ఇంట్లో మళ్లీ పెళ్లి మాట ఎత్తొద్దని తల్లి తేల్చి చెప్పింది. అందుకే స్నేహలత ఈ మనిషన్నా మంచివాడైతే బాగుండు దేవుడా అనుకుంటోంది.

“నేను చూసే పొరలన్నీ మైనస్సే. రెండు దగ్గరికొస్తే ఒకదాన్నొకటి నూకుతయి.”

“మరెట్ల కలుస్తయి?” చంద్రమౌళి ముందుకు వంగాడు. నిజంగానే తెలుసుకోవాలని ఉంది అతనికి.

“నడుమ కాల్షియం పడాలె. అది ప్లస్సు. రెండింటినీ పట్టుకొని దగ్గరికి గుంజుతది.”

“అంటే మా పని లెక్కనే! రైతొక దిక్కు, కొనేటోడొక దిక్కు. నడుమ మేం లేకపోతే బేరం కుదురుతదా?”

స్నేహలత పకపకా నవ్వింది. “ఈ ముచ్చట మా గైడ్ సార్‌కు చెప్త.” తర్వాత గొంతు సవరించుకుంది. “ఒక్క మాట. ఈ పెండ్లయినంక నా రీసెర్చ్ ఆగొద్దు. ఒక్కోసారి ఇంటికొచ్చేసరికి లేటయితది. ఇంట్ల ఎవరూ మొకం మాడ్చుకోవద్దు.”

“ఫికర్ వద్దు. ఆటో దొరక్కపోతే నేనే బండేసుకొని వస్త. అన్నం గూడ నేనే వండుత. పచ్చిపులుసు మస్తు చేస్త.”

“నిజంగనా?”

“తిన్నంకనే నమ్ముండ్రి.”

ఆమె మనసు తేలికపడింది. ఇంత సంతోషం ఈ మధ్య ఎప్పుడూ కలగలేదు. “ఒక్క నిమిషం,” అని వంటింట్లోకి వెళ్లింది.

తల్లి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. “ఎట్లున్నడు బిడ్డా?” అంది గుసగుసగా.

“బంగారం. నాకు నచ్చిండు.”

తల్లి కొంగుతో కళ్లు ఒత్తుకుని, కప్పులున్న ట్రేని కూతురి వైపు జరిపింది. “అయితే జర జల్ది చాయ్ తీస్కపో, చల్లారుతది.”

స్నేహలత ఆ ట్రే ఎత్తి తల్లి చేతుల్లోనే పెట్టి అంది:

“పెండ్లి పిల్లవు నువ్వమ్మా, నువ్వే తీస్కపోవాలె.”