తంజోంగ్ పగార్ బాతు

కాగితపు రుమాళ్ల పొట్లం బల్ల మీద పెట్టి చోటు కాచుకుని, బాతు అన్నం పళ్లెంతో తిరిగొచ్చిన కృష్ణచైతన్య ఠక్కున ఆగిపోయాడు. ఎదురు కుర్చీలో మధుసూదనరావు కూర్చుని ఉన్నాడు.

పిల్లనిస్తాడని ఆశ పెట్టుకున్న మనిషి. వచ్చే ఆదివారం వుడ్‌ల్యాండ్స్‌లో తన ఫ్లాటుకు భోజనానికి రమ్మన్నాడు. మాట ఖాయం చేసుకోవడానికే ఆ భోజనం. కూతురు శాలిని ముందే చెప్పి ఉంచింది.

"నాన్నకి నీ జీతం, జాతకం అక్కర్లేదు. మాంసం ముట్టకూడదు, అంతే లా."

సింగపూరులో పుట్టి పెరిగిన పిల్ల. మాట చివర ఆ 'లా' తగిలించకుండా ఉండలేదు. నువ్వు తినవు కదా అని కూడా అడిగింది. ముట్టనని చైతన్య ఒట్టు వేశాడు.

అది రెండువేల సంవత్సరం. కంప్యూటరు చదువుకు వచ్చినవాళ్లలో సగంమందికి పరీక్షలు రాయకముందే ఉద్యోగాలు చేతికొస్తున్న కాలం. చైతన్యకు చదువుతో పాటు తిండి మీదా ధ్యాస. సెలవు దొరికితే చాలు, రైలెక్కి ఏదో ఒక పేటలో దిగేవాడు. పాత కాఫీ హోటళ్లలో 'కోపీ' అనే అక్కడి కాఫీ తాగుతూ, చుట్టూ ఎవరేం తింటున్నారో చూస్తూ కూర్చునేవాడు. చూడటం వరకే. కోడిగుడ్డు గడప తొక్కని ఇంట్లో పుట్టాడు మరి.

అలా చూసీ చూసీ, ఒకనాడు తంజోంగ్ పగార్‌లో ఈ కొట్టు ముందు ఆగిపోయాడు. ఎర్ర బోర్డు మీద చైనా అక్షరాలు, కింద నిగనిగలాడే ముక్కల ఫొటో. నోరు తెరిచి అడగలేక ఫొటో మీద వేలు పెట్టాడు. "డక్ రైస్?" అంది కొట్టావిడ. తల ఊపాడు. తాతల నాటి నిష్ఠ ఆ తల ఊపుడుతో పోయింది.

ఎముక గొంతులో పడుతుందేమోనని భయపడ్డాడు గానీ, ఆ తల్లి ఎముకన్నది లేకుండా ఏరి పెట్టేది. ఇంకెక్కడా మాంసం జోలికి పోలేదు. చేసే పాపమేదో ఒక్కచోటే చేయాలని నియమం పెట్టుకున్నాడు. మనవాళ్లు ఎవరూ ఇటు రారనే ధైర్యం కూడా ఉంది.

మధుసూదనరావు పనిచేసే బ్యాంకు ఈ వీధి వెనకే అన్న సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. పున్నమి కావడంతో కొట్టు కిటకిటలాడుతోంది. పున్నమికీ అమావాస్యకీ ఇక్కడ ఎప్పుడూ ఇంతే. వేరే బల్లకు పోదామన్నా చోటు లేదు.

అంతలో ఆయన ముందున్న పళ్లెం కనబడింది. అన్నం మీద అవే ముక్కలు, అదే నల్లటి పులుసు.

చైతన్యకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. దొంగకు దొంగ దొరికాడనుకున్నాడు.

"రావోయ్, కూర్చో. ఇక్కడి తిండి అలవాటేనా?" అన్నాడాయన, ఏమీ ఎరగనట్టు.

"మీకూ అలవాటని తెలీదంకుల్."

"శాలిని పుట్టకముందు నుంచీ."

చైతన్య కుర్చీ ముందుకు జరుపుకుని గొంతు తగ్గించాడు. "మీరేం కంగారు పడకండి. నేను ఎవరికీ చెప్పను. మీరూ చెప్పకండి."

"ఏమని?"

"అదే, బాతు తింటామని."

ఆయన చెంచా పళ్లెంలోనే ఆగింది. ఎన్నాళ్ల నుంచని అడిగాడు.

"వచ్చిన ఏడాదే మొదలెట్టానండీ. తప్పని తెలుసు. మొదటి ముద్దకి అమ్మ గుర్తొచ్చింది. రెండో ముద్దకి రాలేదు."

మధుసూదనరావు చాలాసేపు అతని మొహం చూశాడు. తర్వాత తల వంచుకుని, మెతుకు మిగలకుండా తన పళ్లెం ఖాళీ చేశాడు. సిగ్గుపడుతున్నాడు కాబోలని చైతన్యకు జాలేసింది.

"ఇద్దరం ఒకే పళ్లెం వాళ్లం కదంకుల్," అన్నాడు ఊరడింపుగా.

"కాదు బాబూ. నువ్వు తిన్నది బాతు."

ఆయన లేచి వెళ్లిపోయాడు. తాను తింటే తప్పు లేదు, ఎదుటివాడు తింటే తప్పు, పెద్దరికమంటే ఇదేననుకున్నాడు చైతన్య.

శనివారం పొద్దున శాలిని ఫోను చేసింది. ఆదివారం రావద్దంది. ఎందుకని అడిగితే, అతన్నే అడుగు అన్నాడట తండ్రి.

"నువ్వు మాంసం తిన్నావా?"

మీ నాన్న తినడం లేదా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. చైతన్య మింగేశాడు. తండ్రి పరువు తీసి కూతురి మెడలో తాళి కట్టడం మగతనం కాదనుకున్నాడు.

"తిన్నాను. బాతు."



"తిన్నందుకు కాదు చైతూ. నాతో ఒట్టేశావు చూడు, దానికి," అంది శాలిని. మాట చివర 'లా' లేదు. ఫోను పెట్టేసింది.

చైతన్యకు మంచి ఉద్యోగమే వచ్చింది. ఏడాది తిరక్కుండా శాలిని పెళ్లి ఇంకొకరితో అయింది. పెళ్లికి వెళ్లొచ్చిన స్నేహితులు మధుసూదనరావు నిష్ఠ గురించి గొప్పగా చెప్పుకుంటుంటే, చైతన్య పెదవి మీద నవ్వు దాచుకున్నాడే గానీ ఆయన గుట్టు మాత్రం బయటపెట్టలేదు.

ఒక మధ్యాహ్నం, తన పక్క సీట్లో పనిచేసే చైనా కుర్రాడు కియాంగ్‌ని ఆ కొట్టుకు తీసుకొచ్చాడు. దారంతా కథ చెప్పుకొచ్చాడు. ఒట్టు తప్పిన పాపం అనుభవిస్తున్నానన్నాడు.

కియాంగ్ కొట్టు ముందు నిలబడి ఎర్ర బోర్డు వైపు చూశాడు. చైతన్య వైపు చూశాడు. మళ్లీ బోర్డు వైపు చూశాడు.

ఇన్నాళ్లు తిన్నాడు గానీ ఆ అక్షరాలేమిటో చైతన్య ఎవర్నీ అడిగింది లేదు. ఇప్పుడడిగాడు.

"శుద్ధ శాకాహారం," అని చదివాడు కియాంగ్. "బాతు పేరుకే. ముక్కలు గోధుమపిండివి."