రికార్డు గది తాళం

“చెవి లేకుండా దీన్ని తెరవాలమ్మా,” అంటూ పరిశీలన అధికారి సంచిలోంచి బరువైన తాళం తీసి బల్లమీద పెట్టాడు.

తాళాలు చేసే ఆ షెడ్డు యజమానురాలు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. అడుగున ఒక పెద్ద కంపెనీ ముద్ర ఉంది.

“ఇదెక్కడిది సార్?”

“మా రికార్డు గదిది. ఏడేళ్ళుగా ఇదే కాపలా. దీని గుట్టు తెలిసినవాళ్ళే ఇంతకంటే మంచిది చేయగలరని మా కొనుగోళ్ళ సారు పట్టుబట్టారు.”

ప్రభుత్వ ఆఫీసులకి రెండు వేల తాళాలు కావాలి. టెండర్లో అందరికంటే తక్కువ ధర రాసింది ఈవిడే. కానీ రేకుల షెడ్డు, మూడు మెషిన్లు, ఆరుగురు ఆడవాళ్ళు అని చదివేసరికి కొనుగోళ్ళ అధికారి మొహం చిట్లించాడు. ‘ఈమెకంత సామర్థ్యం ఉందా?’ అని ఫైలు మీద రాసి, తేల్చుకు రమ్మని ఈయన్ని పంపాడు.

“తెరవలేకపోతే?”

“కాంట్రాక్టు ఆ కంపెనీకే పోతుందమ్మా.”

మెషిన్లు ఆగిపోయాయి. మూలన కూర్చుని తాళంచెవులకి ఆకురాయి పడుతున్న అత్తగారు మాత్రం పకపకా నవ్వింది.

“మా కోడలికా పరీక్ష! కాపరానికొచ్చిన కొత్తలో బిస్కెట్ల డబ్బాకి నాలుగు తాళాలు మార్చాను బాబూ. నాలుగూ తెరిచింది. ప్రతిసారీ నాకు మిగిలింది ఖాళీ డబ్బానే!”

“అత్తయ్యా, సార్ ముందు నా పరువు తీయకండి!”

అధికారికి నవ్వాగలేదు. కాగితాల మీద తప్ప కంటికి కనబడని వర్క్‌షాపులు ఎన్నో చూశాడాయన. ఇక్కడ నూనె వాసన ఉంది, నేలంతా ఇత్తడి పొట్టు ఉంది. ఈవిడ గెలిస్తే బాగుండునని మనసులోనే అనుకున్నాడు.

ఆవిడ సన్నటి తీగ దూర్చి, తన చెవిని తాళానికి ఆనించి వింటూ మెల్లగా తిప్పింది. తీగ వంగిపోయింది. ఇంకోటి తీసింది. అది పుటుక్కున విరిగింది. కొక్కెం పెట్టింది, పళ్ళు బిగించి తిప్పింది. అరగంటకి ముఖమంతా చెమట.

“తొందరేం లేదమ్మా, నిదానంగా చూడు,” అంటూ ఆయనే దీపం దగ్గరికి జరిపాడు.

గంట గడిచింది. ఆవిడ కొక్కెం కింద పెట్టేసింది.

“నా వల్ల కాదు సార్. ఇది తెరుచుకోదు.”

ఆయనకి ఉసూరుమనిపించింది. మనసొప్పకపోయినా ‘తెరవలేకపోయింది’ అని రాశాడు. ఇంతలో చప్పట్లు వినిపించాయి. తలెత్తి చూస్తే ఆరుగురు ఆడవాళ్ళూ ఒకటే కేరింతలు. అత్తగారైతే కోడలి బుగ్గలు పుణుకుతోంది.

“ఓడిపోతే ఈ సంబరమేంటమ్మా?”

“ముందే చెబితే కావాలనే తెరవలేదంటారని నోరు మూసుకున్నాను సార్,” అంటూ ఆవిడ చెమట తుడుచుకుని, తాళాన్ని ముద్దుగా నిమిరింది.

“ఆ కంపెనీకి ఈ తాళాలు చేసిచ్చేది మేమే!”