పాలచుక్క వేయని గ్లాసు

"ఇప్పుడా అండీ రావడం?"

మెట్లెక్కి వచ్చిన మనిషిని ఊపిరైనా తీసుకోనివ్వలేదు ఉదయలక్ష్మి.

మైత్రీవనం వెనక సందులో ఆమెది చిన్న ట్యూషన్ సెంటరు. కెమిస్ట్రీ మాస్టారు మానేసిన దగ్గర్నుంచి టెన్త్ పిల్లలు ఒక్కొక్కరే రావడం మానేస్తున్నారు. ఇలాగే సాగితే సెంటరు మూసుకోవాల్సిందే. కొత్త మాస్టారి కోసం పెట్టిన డెమోకి వచ్చిన వాళ్ళలో ఒకాయన పుస్తకం చూసి చదివాడు. ఇంకొకాయన బోర్డుతోనే మాట్లాడాడు. ఇవాళ రావాల్సినాయన కోసం అరగంటగా ఎదురుచూపు.

"మేడం, జర మీతోని మాట్లాడాలె. నేను..."

"మాటలు తర్వాతండీ. ముందు డెమో. కొలాయిడ్లు చెప్పండి."

"గట్ల కాదు మేడం..."

"పిల్లలు కూర్చునున్నారండీ బాబూ!"

అతను క్లాసులోకి తొంగిచూశాడు. పిల్లల చేతుల్లో కూలర్లో నింపుకున్న నీళ్ళ సీసాలు చూసి, నేరుగా లోపలికి నడిచాడు.

రెండు గ్లాసులు, కాస్త ఉప్పు అడిగాడు. సంచిలోంచి కొన్న నీళ్ళ బాటిలు తీసి ఒక గ్లాసు నింపి, ఉప్పు కలిపాడు. రెండోది సెంటరు కూలర్లో పట్టాడు. కిటికీలు మూయించి, జేబులోంచి చిన్న లేజరు లైటు తీసి గ్లాసుల్లోకి వేశాడు.

ఉప్పునీళ్ళలో వెలుగు పోయిన దారే కనిపించలేదు.

రెండో గ్లాసులో మాత్రం ఎర్రటి గీత నిలబడింది.

"సార్, పాలచుక్క వేస్తేనే కదా గీత రావాలి! దాంట్లో వేయడం మర్చిపోయారు!" అరిచాడు ఉదయలక్ష్మి కొడుకు కేదార్.

క్లాసంతా నవ్వు.

"ఏం ఎయ్యలే బిడ్డా. మీరు తాగే నీళ్ళే. మరి గీత ఎందుకు కనబడ్తుంది? దీంట్ల ఏందో కలుస్తుంది. తాగకుండ్రి."

ఉదయలక్ష్మికి ఒళ్ళు మండిపోయింది.

"ప్రయోగం రాకపోతే రాలేదని చెప్పండి. మా నీళ్ళ మీద పడతారేంటి? ఉన్న నలుగురినీ పారిపొమ్మంటారా?"

"మేడం, జర నా మాట ఇనుండ్రి..."

"చూడండి, నేనే తాగుతున్నా!"

అతను చెయ్యి అడ్డం పెట్టబోయాడు. ఆమె గ్లాసు ఎత్తి గటగటా తాగేసింది.

పిల్లలు చప్పట్లు కొట్టారు. కేదార్ అమ్మకంటే జోరుగా తన సీసా మొత్తం ఖాళీ చేశాడు.

"మేడం, నేనొచ్చింది..."

"ఫోన్ చేస్తామండీ. వెళ్ళిరండి."

రెండు రోజులు తిరక్కుండానే కేదార్ వాంతులతో సోలిపోయాడు. తన కడుపునొప్పి పంటి బిగువున పట్టుకుని, వాణ్ణి పంజాగుట్టలో ఓ ఆస్పత్రికి తీసుకెళ్ళింది ఉదయలక్ష్మి.

"నీళ్ళేనమ్మా" అన్నాడు డాక్టరు. "మీ బిల్డింగు సంపులోకి ఎక్కడో డ్రైనేజీ దిగుతున్నట్టుంది. మీ దగ్గరి పిల్లలే వరసగా వస్తున్నారు."

వార్డులో అడుగుపెట్టి నిలబడిపోయింది. ట్యూషను మానేశారనుకున్న పిల్లలు మంచాల మీద ఉన్నారు.

చివరి మంచం మీద తన టెన్త్ క్లాసు పిల్ల పింకీ. దాని పెదాలు తడుపుతూ పక్కనే, ఆ రోజు డెమో చెప్పినతను.

"మాస్టారూ... మీకెలా తెలిసిందండీ?"

"నాకేం తెల్సు మేడం. మీ సెంటర్ల చెప్పిన పాఠమేనట. క్లాసు నీళ్ళల్ల లైటేసి చూడమని గీ పిల్లనే చెప్పింది."

"మరి డెమోకి..."

"డెమోకు రాలే మేడం. నా బిడ్డ ట్యూషన్‌కు ఎందుకొస్తలేదో చెప్పనీకి వచ్చిన."